శరత్తు సీసా

ఢిల్లీలో తెలుగు జాడలు: ధారావాహిక, 14వ భాగం

గత భాగంలో కరోల్ బాగ్ పుట్టుక చూశాం. కొత్త రాజధాని కట్టడానికి మాధోగంజ్, రాజా కా బజార్, జైసింగ్‌పురా పల్లెలను ఖాళీ చేయించి, అక్కడి జనాన్ని 1920లలో పడమటి దిక్కున ఉన్న ఈ తావుకు తరలించారు. 1947 తరవాత పశ్చిమ పంజాబు నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్లు దాన్ని పెద్ద బజారు చేశారు. కేంద్ర ప్రభుత్వ కొలువుల కోసం వచ్చిన దక్షిణాదివాళ్లు, వాళ్లలో మనవాళ్లూ, అద్దె గదులు వెతుక్కుంటూ ఇక్కడే చేరారు. ఆ తెలుగు ఇళ్లలోకి ఈమధ్య దసరా సెలవుల్లో ఒక కొత్త చుట్టం వస్తోంది. అమెరికా విస్కీ. ఈ భాగం దాని గురించి.

చరిత్ర శీర్షికలో ఈ మందు గోలేమిటని కొందరు నొసలు చిట్లిస్తారని తెలుసు. ఆబ్కారీ ఆదాయం ఊసెత్తకుండా ఆంధ్ర రాజకీయ చరిత్ర రాయడం కుదరదు. అమెరికా చరిత్రా అంతే. నన్నడిగితే విస్కీ చరిత్ర రుచుల చరిత్ర కావడానికి ముందు పన్నుల చరిత్ర. గ్లాసులో మనం మెచ్చుకునే రంగు, వాసన, వయసు, వీటిలో సగం ఏదో ఒక ఖజానా అధికారి కలం నుంచి వచ్చినవే. ఆ మాట నిలబడుతుందో లేదో చూద్దాం.

1921 నుంచి మొదలుపెడదాం. ఆ ఏడాది ఫిబ్రవరి 13న గాంధీ కరోల్ బాగ్ వచ్చారు. హకీం అజ్మల్ ఖాన్ కట్టించిన ఆయుర్వేద, యునానీ తిబ్బియా కాలేజీని ప్రారంభించడానికి. దానికి 1916లో శంకుస్థాపన చేసింది వైస్రాయ్ లార్డ్ హార్డింజ్. ప్రారంభించింది అదే ప్రభుత్వానికి సహాయ నిరాకరణ ప్రకటించిన గాంధీ. అయిదేళ్లలో దేశం ఎంత తిరిగిపోయిందో చెప్పడానికి ఈ ఒక్క భవనం చాలు. కాలేజీ ఇప్పటికీ అక్కడే ఉంది. ముందున్న రోడ్డుకు అజ్మల్ ఖాన్ పేరే పెట్టారు. పండగల ముందు ఆ రోడ్డుమీద చీరలూ చెప్పులూ కొనేవాళ్లలో ఈ సంగతి తలచుకునేవాళ్లు ఎవరుంటారు!

యునానీ వైద్యంలో అర్క్‌లది పెద్ద పద్దు. గులాబీ రేకులనో సోంపునో నీళ్లలో మరిగించి, ఆవిరిని చల్లార్చి, బొట్టుబొట్టుగా పట్టడం. మన పల్లెల్లో సారా బట్టీ చేసేదీ, కెంటకీలో రాగి పాత్ర చేసేదీ అదే పని. తేడా కుండలో ఏం పోశారన్నదే. తిబ్బియాలో మందులు వండే విద్య నేర్పడం మొదలైన ఆ రోజుల్లోనే అమెరికాలో విస్కీ కూడా మందుల షాపుకు చేరి కూర్చుంది. 1920 జనవరి నుంచి అక్కడ దేశమంతటా మద్య నిషేధం. తాగాలంటే డాక్టరు చీటీ కావాలి, రోగికి పది రోజులకు ఒక పైంటు. ఆ విస్కీ అమ్ముకోవడానికి అనుమతి దక్కింది ఆరే ఆరు కంపెనీలకు. జలుబుకీ నిద్రలేమికీ గుండె నీరసానికీ ఒకటే మందు రాసిన డాక్టర్లు ఆ దేశంలో వేలల్లో తేలారు.

ఆ నిషేధాన్ని ప్రపంచమంతా తిరిగి ప్రచారం చేసిన మనిషి విలియం యూజీన్ జాన్సన్. చడీచప్పుడు లేకుండా వచ్చి సారా స్థావరాల మీద పడతాడని ఆయనకు పుస్సీఫుట్ అని పేరుపడింది. 1919లో లండన్‌లో ఉపన్యసించబోతే విద్యార్థుల గుంపు మీదపడింది, ఆ గొడవలో ఒక కన్ను పోయింది. అయినా ఊరుకోలేదు, 1921లో ఇండియా పర్యటనకు వచ్చాడు. మద్యపాన వ్యతిరేక సంఘాలు ఆయనకు సభలు పెట్టాయి. అమెరికా నుంచి విస్కీ కన్నా ముందు విస్కీ వద్దనే మాట మనకు దిగుమతి అయిందన్నమాట, అదీ సుంకం లేకుండా.

ఇప్పుడు ఇంకా వెనక్కి వెళ్లాలి. 1791లో అమెరికా కొత్త ప్రభుత్వం అప్పులు తీర్చుకోవడానికి దేశంలో కాచే సారాయి మీద పన్ను వేసింది. ఆలోచన ఆర్థిక మంత్రి హామిల్టన్‌ది. పెన్సిల్వేనియా పడమటి కొండల్లో రైతులకు విస్కీయే డబ్బు. ధాన్యాన్ని కొండదారుల్లో మోయలేక సారాగా మార్చి మోసుకెళ్లేవాళ్లు. వాళ్లు తిరగబడ్డారు. 1794 శరత్కాలంలో అధ్యక్షుడు వాషింగ్టన్ స్వయంగా గుర్రమెక్కి, దాదాపు 13 వేలమంది సైన్యంతో అటు కదిలాడు. తిరుగుబాటు చల్లబడింది, పన్ను మాత్రం వసూలు కాలేదు. జెఫర్సన్ అధ్యక్షుడయ్యాక 1802లో రద్దయింది. తమాషా ఏమిటంటే, పదవి దిగిన వాషింగ్టన్ 1797లో తన మౌంట్ వెర్నన్ పొలంలో తనే బట్టీ పెట్టించాడు. 1799లో అక్కడ దాదాపు 11 వేల గాలన్లు తీశారు. అందులో ఎక్కువ పాలు రై అనే ధాన్యం. కాచింది బానిసలు. అమెరికా విస్కీ సీసాల మీద ఈ మాట చిన్న అక్షరాలతో కూడా కనిపించదు.

టెనెసీలో జాక్ డేనియల్‌కు బట్టీ పని నేర్పిన నియరెస్ట్ గ్రీన్ కూడా బానిసగా బతికిన నల్లజాతి మనిషే. 2016లో ఒక పత్రికా కథనం అందరి దృష్టికీ తెచ్చేదాకా లోకం ఆయన్ను పట్టించుకోలేదు. ఆ తర్వాతే కంపెనీ ఆయన్ను తన మొదటి బట్టీ మేస్త్రీగా ఒప్పుకుంది. తీసిన సారాను మేపుల్ చెట్టు బొగ్గుల గుండా చుక్కచుక్కగా దింపే పద్ధతే టెనెసీ విస్కీని కెంటకీ విస్కీ నుంచి వేరుచేస్తుంది. ఆ సీసా తయారయ్యే లించ్‌బర్గ్ ఉన్న కౌంటీలో ఈనాటికీ మద్యం అమ్మకాన్ని ఆపే పొడి చట్టమే. ఊరి సరుకు ఊళ్లోవాళ్లు మామూలు దుకాణంలో కొనుక్కోలేరు.

అంతర్యుద్ధం తర్వాతి దశాబ్దాలు కల్తీకి స్వర్ణయుగం. రంగులేని ముడి సారాలో మాడ్చిన పంచదార, ఎండుపళ్ల రసం, పొగాకు, ఇంకా చెప్పకూడనివి కలిపి పాత విస్కీ అని అమ్మేవాళ్లు. నిజంగా ఏళ్ల తరబడి పీపాల్లో నిలవపెట్టిన కెంటకీ వ్యాపారులకు ఇది పొట్టమీద దెబ్బ. వాళ్లలో గట్టి గొంతు ఎడ్మండ్ హేన్స్ టేలర్‌ది. ఖజానా మంత్రి జాన్ కార్లైల్ కూడా కెంటకీ మనిషే. ఇద్దరి పట్టుదలతో 1897 మార్చి 3న ఒక చట్టం వచ్చింది. బాటిల్డ్ ఇన్ బాండ్ అని సీసా మీద వేయాలంటే ఆ విస్కీ ఒకే బట్టీలో, ఒకే కాలంలో తీసినదై ఉండాలి. ప్రభుత్వ తాళం ఉన్న గోదాములో కనీసం నాలుగేళ్లు ఉండాలి. సరిగ్గా 50 శాతం ఆల్కహాల్‌తో సీసాకెక్కాలి.

అందులో ‘ఒకే కాలం’ అన్న షరతు దగ్గర ఆగాలి. చట్టం ఏడాదిని రెండు ముక్కలు చేసింది. జనవరి నుంచి జూన్ దాకా వసంతం, జులై నుంచి డిసెంబరు దాకా శరత్తు. ఋతువులు ఆరని చదువుకున్న మనకు రెండే ఋతువులున్న ఈ పంచాంగం వింతగానే ఉంటుంది. గుమాస్తా పద్దు పుస్తకానికి రెండు చాలు. ఏ పీపా ఏ కాలంలో నిండిందో ముద్ర వేసుంటే, పాతదాంట్లో కొత్తది కలిపి మోసం చేయడం కష్టం. అలా శరత్తు అనే మాట ఆబ్కారీ పుస్తకంలోకీ, అక్కడి నుంచి సీసా మీది పట్టీ మీదికీ ఎక్కింది. ఇప్పుడు అమెరికాలో పేరున్న బట్టీలు తమ ఖరీదైన సీసాలను శరత్తులోనే విడుదల చేస్తాయి. బఫెలో ట్రేస్ వాళ్ల యాంటీక్ కలెక్షన్ 2000 నుంచి అలా ఏటా వస్తోంది. దానికి కారణం నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్ గివింగ్ పండగా, ఆ వెనకే వచ్చే కానుకల కాలమూ. చట్టం పెట్టిన పేరూ, పండగ పెట్టిన గిరాకీ అలా ఒకే కాలంలో కలిశాయి.

వయసు సంగతి ఇంకా స్పష్టం. విస్కీ గోదాములో ఉన్నంతకాలం పన్ను కట్టక్కర్లేదు, గడువు తీరితే కట్టాల్సిందే. 1894లో ఆ గడువు ఎనిమిదేళ్లయింది. ఎనిమిదేళ్లు దాటి పీపా ఉంచుకునే వెర్రివాడు ఎవడు? కొరియా యుద్ధం వస్తే సరుకు దొరకదని షెన్లీ కంపెనీ యజమాని లూయిస్ రోజెన్‌స్టీల్ లెక్కలేనన్ని పీపాలు నింపి పెట్టుకున్నాడు. యుద్ధం తొందరగా ఆగింది, పీపాలు మిగిలాయి. పన్ను గడువు మెడమీదికొచ్చింది. ఆయన వాషింగ్టన్‌లో తిరగని గడప లేదు. 1958లో ఫోరాండ్ చట్టం గడువును 20 ఏళ్లకు పెంచింది. ఈరోజు 15 ఏళ్లది, 18 ఏళ్లది అని వేలల్లో లక్షల్లో కొంటున్న సీసాలకు మూలం ఒక వ్యాపారి తప్పిన లెక్క. 1964లో బోర్బన్‌ను అమెరికాకే చెందిన విశిష్ట వస్తువుగా కాంగ్రెస్ తీర్మానించినప్పుడూ వెనక ఉన్న చేతుల్లో ఆయనదీ ఒకటి.

బోర్బన్ అంటే ఏమిటో ఇక్కడే చెప్పుకోవాలి. ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న. లోపల కాల్చి మసిచేసిన కొత్త ఓక్ పీపా. రంగులూ రుచులూ కలపకూడదు. పీపా కొత్తదే కావాలన్న నియమం నిషేధం ఎత్తేశాక, 1930ల రెండో సగంలో స్థిరపడింది. పీపాలు చేసే వడ్రంగులకూ కలప వ్యాపారులకూ అది వరం. తాగేవాళ్లకూ వరమే. కాల్చిన ఓక్ చెక్కలోంచే వెనిలా వాసన వస్తుంది, కొబ్బరి వాసనా వస్తుంది. ఒకసారి వాడిన పీపా బోర్బన్‌కు పనికిరాదు. అందుకని అవి ఓడలెక్కి స్కాట్లాండ్ వెళ్తాయి, బెంగళూరుకూ వస్తాయి. 1948లో పుట్టిన అమృత్ కంపెనీ తన సింగిల్ మాల్ట్‌ను ఎక్కువగా ఆ పాత బోర్బన్ పీపాల్లోనే నిలవచేస్తుంది. స్కాట్లాండ్‌లో ఏడాదికి రెండు శాతం ఆవిరైపోతే మన వేడికి పది శాతం దాటుతుంది. అందుకే ఇక్కడ నాలుగైదేళ్లకే ముదిరిపోతుంది. అంటే కెంటకీ రుచి తెలియకుండానే మనవాళ్ల నాలుకకు ఎప్పుడో అలవాటైంది.

ఇక మన వైపు. అక్కడి శరత్తు సీసాలు తెరిస్తే ఇక్కడి శరత్తు సీసాలు మూస్తూ వచ్చింది. రాజాజీ 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్య నిషేధం మొదలుపెట్టారు. మరుసటి ఏడు అక్టోబరులో చిత్తూరు, కడప జిల్లాల వంతు. పోయిన ఆబ్కారీ రాబడిని పూడ్చడానికి 1939లో మద్రాసులో అమ్మకపు పన్ను తెచ్చారు. తాగనివాడి సబ్బు మీదా, చీర మీదా పడిన పన్ను అలా పుట్టింది. నిషేధం పోయింది, మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. అమ్మకపు పన్ను మాత్రం ఇల్లు కదల్లేదు. 1948 గాంధీ జయంతికి మద్రాసు రాష్ట్రమంతా పొడి అయింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే, టంగుటూరి ప్రకాశం పంతులుగారి మెడకు ఈ నిషేధం వారసత్వంగా చుట్టుకుంది. రాజధాని కట్టాలి, జీతాలివ్వాలి, ఖజానాలో డబ్బు లేదు. కల్లుగీత మీద బతికే కుటుంబాలు వీధిన పడ్డాయి. వాళ్ల పక్షాన గౌతు లచ్చన్న ఉద్యమం నడిపారు. నిషేధం పనిచేయడం లేదు, ఎత్తేయడమే మేలని రామమూర్తి కమిటీ చెప్పింది. ప్రభుత్వం తలూపలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది, ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది. తుపాకీకి గుండె చూపిన మనిషిని కల్లుకుండ పడగొట్టిందని అప్పట్లో ఎవరైనా ఎకసెక్కం చేసి ఉంటే తప్పుపట్టలేం.

తర్వాతి కథ మీకు తెలిసిందే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రోసమ్మ ముందు నడవగా సారా కొట్టు మూయించారు. 1993 అక్టోబరు 1న, చూడండి మళ్లీ అదే తేదీ, రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు సంపూర్ణ నిషేధం. 1997లో దాని సడలింపు. ఆ రెండేళ్లలో ఢిల్లీలో ఉన్న తెలుగువాళ్లకు ఊరి నుంచి వచ్చే చుట్టాల తాకిడి కాస్త పెరిగిందని పాతకాలపువాళ్లు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. ఆధారం అడక్కండి.

కరోల్ బాగ్‌కు తిరిగొద్దాం. 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పూనికతో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పుట్టింది. ఇక్కడి ప్రసాద్ నగర్‌లో దాని బడి ఉంది. తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కల కుదురుకోవడానికి బడి, గుడి, ఇడ్లీ పిండి దొరకడం కారణాలు. అవతలి వీధిలో గఫార్ మార్కెట్. లైసెన్సుల కాలంలో విదేశీ గడియారం, టేప్ రికార్డర్, సెంటు సీసా ఏది కావాలన్నా ఢిల్లీవాళ్లు వచ్చేది అక్కడికే. ఆ రోజుల్లో విదేశీ విస్కీ అంటే ఎవరో దౌత్య కార్యాలయంలో తెలిసినవాడి ద్వారానో, విమానం దిగిన బంధువు పెట్టెలోనో రావాల్సిందే. అదీ స్కాచ్. అమెరికాది అడిగిన నాథుడు లేడు.

2001 ఏప్రిల్‌లో దిగుమతి పరిమితులు తొలగాయి, వాటి స్థానంలో సుంకాలు నిలబడ్డాయి. మామూలు సుంకం 150 శాతం, దాని మీద అదనపు సుంకం. అన్నీ కలిపితే కొన్ని సీసాల మీద 500 శాతం దాటుతోందని 2007లో అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థ గడప తొక్కింది. అదే ఏడాది జులైలో మనవాళ్లు మద్యం మీద అదనపు సుంకం ఎత్తేశారు. 150 మాత్రం నిలిచింది. 2021 బడ్జెట్‌లో పేర్లు మారాయి. మూల సుంకం 50, వ్యవసాయ సెస్సు 100, కూడితే అదే 150.

2025 ఫిబ్రవరి 13న ఆ 150 కాస్తా బోర్బన్‌కు 100 అయింది. ప్రధాని అమెరికా అధ్యక్షుణ్ని కలవడానికి వెళ్లిన సమయం అది. బోర్బన్ సగం ధరకు వస్తుందని అప్పుడు మన వాట్సాప్ గుంపుల్లో పండగ చేసుకున్నారు. లెక్క వేద్దాం. ఓడరేవుకు వెయ్యి రూపాయలకు చేరిన సీసా ఇదివరకు సుంకంతో 2500, ఇప్పుడు 2000. తగ్గింది అయిదోవంతు. ఆ తర్వాత రాష్ట్రం తన ఎక్సైజ్, తన వ్యాట్ వేసుకుంటుంది. తాగే మద్యాన్ని జీఎస్టీ బయటే ఉంచారు మరి. ఇంకో మెలిక, తగ్గింపు బోర్బన్ అన్న పేరుకే. 51 శాతం మొక్కజొన్న ఉంటే ఒక సుంకం, 51 శాతం రై ఉంటే మరో సుంకం. ధాన్యం పాళ్లు కస్టమ్స్ అధికారి చేతికి త్రాసుగా మారాయి.

ఢిల్లీలో రాష్ట్రం వంతు మరీ విచిత్రం. 2021 నవంబరు 17న కొత్త ఎక్సైజ్ విధానం వచ్చింది. ప్రైవేటు దుకాణాలు, ఒకటి కొంటే ఒకటి ఉచితాలు. డ్రై డేలు 21 నుంచి 3కు దిగాయి, గణతంత్ర దినం, స్వాతంత్ర్య దినం, గాంధీ జయంతి. ఆ విధానం 2022 ఆగస్టుతో చచ్చిపోయింది. దాని చుట్టూ నడిచిన కేసులూ అరెస్టులూ ఈ శీర్షిక పరిధి కాదు. క్యాలెండరు మాత్రం తెరిచి చూడండి. ఆ విధానం బతికిన కాలంలో దసరా రాలేదు, దీపావళీ రాలేదు. పండగ నాడు దుకాణం తెరవవచ్చన్న నియమం ఒక్క పెద్ద శరత్కాలపు పండగనూ చూడకుండానే పోయింది. సెప్టెంబరు 1 నుంచి మళ్లీ ప్రభుత్వ సంస్థల ఠేకాలు, అంటే మద్యం దుకాణాలు, మళ్లీ దసరాకు డ్రై డే. ఆ ఠేకాల్లో మంచి అమెరికా సీసా దొరకడం అదృష్టం మీద ఆధారపడింది. అందుకని ఓపికున్నవాళ్లు గురుగ్రామ్ వెళ్తారు. అయితే అక్కడి నుంచి ఢిల్లీలోకి ఒక లీటరు మించి తేకూడదు.

ఢిల్లీలో మద్యం కొనడానికి వయసు 25 నిండాలి. కరోల్ బాగ్ పక్కనే ఓల్డ్ రాజిందర్ నగర్ నిండా సివిల్స్ చదివే మన పిల్లలు. కలెక్టర్ పరీక్ష రాయడానికి 21 చాలు. ఎక్సైజ్ కమిషనర్ కాగల అర్హత ఉన్నవాడికి ఆ శాఖ దుకాణంలో బీరు అమ్మరు.

మరి తెలుగు ఇళ్లకు సీసాలు వచ్చే దారేది? డాలస్, న్యూజెర్సీ. ఇండియా వచ్చే పెద్దవాళ్లు ఒక్కొక్కరు రెండు లీటర్ల మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఆలుమగలు వస్తే 750 మిల్లీలీటర్ల సీసాలు నాలుగు. ఢిల్లీలో 25 దాటిన మనిషి ఇంట్లో ఉంచుకోగలిగేది 9 లీటర్ల ఘాటు మద్యం. ఒక ఇంట్లో 132 సీసాలు దొరికితే, ఆ ఇంట్లో పెద్దవాళ్లు ఆరుగురున్నారని లెక్కగట్టి హైకోర్టు 2022లో కేసు కొట్టేసింది. ఉమ్మడి కుటుంబం వల్ల ఇన్ని లాభాలని మన పెద్దలు చెప్పలేదు.

2025లో విజయదశమీ గాంధీ జయంతీ ఒకే రోజు, అక్టోబరు 2. నవరాత్రుల్లో ఈ వీధుల్లో కోడిగుడ్డు కూడా చాటుగా కొనాలి. కాబట్టి మా మిత్రుడి ఇంట్లో రుచి చూడటం దసరా వెళ్లిన శనివారం పెట్టుకున్నారు. డాలస్ నుంచి మేనల్లుడూ అతని భార్యా తెచ్చిన సీసాలు నాలుగు. వుడ్‌ఫర్డ్ రిజర్వ్, 45.2 శాతం. మేకర్స్ మార్క్, 45. జాక్ డేనియల్స్ బాండెడ్, 50. రిటెన్‌హౌస్ రై, అదీ బాండెడే, 50. పోల్చడానికి ఇంతకన్నా మంచి చతుష్టయం నేనైతే కోరను. మొదటిదాంట్లో మొక్కజొన్న వెనక 18 శాతం రై ఉంది. రెండోదాంట్లో రై తీసేసి 16 శాతం గోధుమ. మూడోది 80 శాతం మొక్కజొన్న, ఆపైన బొగ్గు వడపోత. నాలుగోదాంట్లో రైదే పెత్తనం.

పద్ధతి సులువు. తక్కువ శాతం ఉన్నవాటితో మొదలుపెట్టి పైకి వెళ్లాలి, లేకపోతే మొదటి గ్లాసే నాలుకను కాల్చేస్తుంది. తలా 15 మిల్లీలీటర్లు చాలు. గ్లాసు మూతి సన్నగా ఉంటే మంచిది. ముక్కును గ్లాసులో ముంచకుండా పెదవులు కాస్త తెరిచి వాసన చూడాలి. మొదటి గుక్క లెక్కలోకి రాదు, అది నోటిని సర్దుకోనిస్తుంది. 50 శాతం ఉన్నవాటిలో నాలుగు చుక్కలు నీళ్లు వేస్తే మూసుకున్న వాసనలు విచ్చుకుంటాయి. ఐస్ వేస్తే ముడుచుకుంటాయి. మధ్యమధ్య నీళ్లు. పక్కన ఉప్పు వేయని వేరుశనగలు. మిరపకాయ బజ్జీలు తర్వాత తిందురుగాని అని ఇంటావిడ ముందే తీర్పు చెప్పేశారు.

కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరైన పెద్దాయన మొదటి గ్లాసు వాసన చూసి, “ఇందులో ఏదో ఎసెన్స్ కలిపార్రా,” అన్నారు.

“కలపకూడదు మామయ్యా, చట్టం ఒప్పుకోదు. అది చెక్క వాసన,” అన్నాడు మేనల్లుడు.

“మన చట్టమా, వాళ్లదా?”

“వాళ్లది.”

“అయితే సరే,” అని రెండో గుక్క తీసుకున్నారు.

వుడ్‌ఫర్డ్‌లో ఎండుపళ్ల తీపి ముందు, దాని వెనక లవంగం. మేకర్స్ మార్క్ మెత్తన. గోధుమకు రైలో ఉన్న కరకు లేదు, నోట్లో తాటిబెల్లం కరిగినంత సేపు ఉండి మర్యాదగా వెళ్లిపోతుంది. స్కాచ్‌కి అలవాటైన పెద్దాయనకు ఇది నచ్చలేదు, మరీ తియ్యన అన్నారు. జాక్ డేనియల్స్ మీద వాదన జరిగింది. మామూలు సీసాలో ఉండే అరటిపండు వాసన ఇందులోనూ ఉంది, 50 శాతం దాన్ని మోయగలుగుతోంది. నాకు అది ఆ నాలుగింటిలో అన్నిటికన్నా సూటిగా మాట్లాడే సీసా అనిపించింది. మేనల్లుడి భార్య ఒప్పుకోలేదు. ఆమె ఓటు రిటెన్‌హౌస్‌కు. మిరియం, శొంఠి, చివర్లో కాస్త చేదు. నీళ్ల చుక్కలు పడ్డాక దాని నడక మారింది, మొదట మింగుడుపడని ఘాటు కాస్తా నిలకడగా నిలిచింది. పెద్దాయనకూ అదే నచ్చింది. అంటే ఆ గదిలో గెలిచింది బోర్బన్ కాదు, ఫిబ్రవరి తగ్గింపు ఎవరికిచ్చారో వాళ్లు ఓడిపోయారు.

ప్రీమియం అన్న మాట మీద కూడా నాలుగు మాటలు నడిచాయి. 1970లలో వోడ్కా వచ్చి బోర్బన్‌ను పాతబడ్డ ముసలివాళ్ల పానీయం చేసేసింది. గోదాముల్లో పీపాలు పేరుకున్నాయి. 1984లో బట్టీ మేస్త్రీ ఎల్మర్ టి. లీ ఒక్కో మంచి పీపాను వేరే పీపాతో కలపకుండా సీసాల్లో నింపి బ్లాంటన్స్ పేరిట ఖరీదు పెంచి అమ్మారు. ముందు ఎగబడి కొన్నది జపాన్‌వాళ్లు. అమెరికన్లు తమ సరుకు విలువ జపాన్ చెబితే తెలుసుకున్నారు. ఇప్పుడు ఆ సీసా అక్కడ షాపుల్లో కంటికి కనిపించదు. బాండెడ్ సీసాలు మాత్రం ఇంకా మామూలు ధరకే దొరుకుతాయి. 1897 నాటి ఆ కొన్ని షరతులూ ఇవ్వాళ్టికీ కొనేవాడికి లేబుల్ మీది కవిత్వం కన్నా నమ్మకమైన హామీ.

బజ్జీలు వచ్చాయి, సీసాల్లో రెండు దాదాపు ఖాళీ. పెద్దాయన లేచి, వంటింట్లోంచి పాత చాకు తెచ్చి లేబుళ్లు గీకడం మొదలుపెట్టారు. మేనల్లుడు అడ్డుపడ్డాడు, అందంగా ఉన్నాయి మామయ్యా, అలమారలో పెట్టుకోవచ్చు కదా అని. విదేశీ సీసా ఖాళీదైనా లేబుల్ బాగుంటే కబాడీవాలా మామూలు సీసా కన్నా ఎక్కువిచ్చి కొంటాడని, అది ఏ గోదాములోనో చవక సరుకుతో నిండి మూత బిగించుకుని మళ్లీ అమ్మకానికి వస్తుందని ఆయన వివరించారు. అలాంటి ముఠాలను ఢిల్లీ పోలీసులు పట్టుకోవడం పత్రికల్లో తరచూ వచ్చే వార్తే. టేలర్ దొర 1897లో ఏ బాధతో ప్రభుత్వ పట్టీ కోసం తిరిగాడో, ఆ బాధకు కరోల్ బాగ్‌లో ఈయన కనుక్కున్న మందు చాకు. మూతలు కూడా విడిగా పారేయమని మేనల్లుడి చేతికిచ్చారు.

(వచ్చే భాగం: ప్రసాద్ నగర్ బడి, తొలి తరం టీచర్లు)